ఉప్పుటేరులో కయాక్ దారి: ముందు వేళ, తర్వాతే పటం

వరంగల్, ములుగు వైపు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడిపేవాళ్లందరం చెరువుల్లోనే చెయ్యి తిప్పుకున్నాం. లక్నవరం దీవుల చుట్టూ ఉదయం ఏడింటికి బయలుదేరినా, మధ్యాహ్నం మూడింటికి బయలుదేరినా దారి అదే. ఎండ మారుతుంది, గాలి మారుతుంది, నీళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మత్తడి దూకే రోజుల్లో కూడా చెరువు నడుమ నీటిమట్టం పూటపూటకూ మారడం కంటికి ఆనదు. అందుకే మనకు దారి అంటే పటం మీద గీసుకున్న గీత. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ మళ్లాలి, ఎన్ని కిలోమీటర్లు అన్నవి తేలిపోతే మిగిలింది తెడ్డు వేయడమే.

సముద్రాన్ని ఆనుకుని ఉండే ఉప్పుటేళ్లలో ఈ అలవాటు మనిషిని ఇరకాటంలో పెడుతుంది. అక్కడ సముద్రపు నీరు ఎక్కుతూ (పోటు), దిగుతూ (ఆటు) ఉంటుంది కాబట్టి, ఉదయం పదింటికి నిండుగా కనిపించిన పాయ సాయంత్రం నాలుగింటికి రెండు బురద గట్ల నడుమ చీలమండ లోతు చారగా మిగలవచ్చు. పొద్దున వెళ్లిన దారి పొద్దువాలేసరికి లేకుండా పోతుంది. కనుక ఉప్పుటేరులో దారి వెతకడం అంటే మొదట వేళ వెతకడం. ఆ వేళకు ఏయే పాయలు తెరుచుకుని ఉంటాయో తెలిస్తే, పటం అప్పుడు తీయవచ్చు.

ఈ సంగతి ఉత్తర తెలంగాణవాళ్లకు ఎందుకంటే, మనకు అందుబాటులో ఉన్న గొప్ప ఉప్పుటేళ్లు మన నదివే. బాసర దగ్గర తెలంగాణలో అడుగుపెట్టిన గోదావరి కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకుని, ఏటూరునాగారం, భద్రాచలం దాటి ధవళేశ్వరం చేరుతుంది. ఆ దిగువన పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి. దాని నుంచి విడివడిన కోరింగ, గాడేరు పాయలు మడ అడవుల గుండా మెలికలు తిరిగి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవి విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఎదురుగా హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ సముద్రపు అలలను అడ్డుకుంటుంది కాబట్టి లోపలి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. కాజీపేటలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి కాకినాడలో దిగుతాం.

మరో చోటు కూడా మనవాళ్లకు దగ్గరే, వేరే విధంగా. హనుమకొండ, కరీంనగర్ నుంచి వెళ్లి అమెరికాలోని అట్లాంటాలో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి సవానా తీరం సుమారు నాలుగు వందల కిలోమీటర్లు, మనకు కాకినాడ ఎంతో వాళ్లకు అదీ అంతే. అక్కడి జార్జియా, దక్షిణ కరోలినా రాష్ట్రాల తీరాల పొడవునా ఉప్పు చిత్తడి నేలలు పరుచుకుని ఉంటాయి. వాటి నడుమ పాయల్లో కయాక్ నడపడం అక్కడ మంచి ఆదరణ ఉన్న వ్యాపకం. టైబీ దీవి చుట్టుపక్కల పాయలు అందుకు పేరుపొందాయి.

చలి ఉన్న దేశాల్లో ఈ చిత్తడి నేలలను గడ్డి పట్టుకుంటుంది. జార్జియా తీరమంతా స్పార్టినా అనే ఎత్తయిన ఉప్పుగడ్డి. వెచ్చని మన తీరంలో అదే చోటును మడ చెట్లు ఆక్రమిస్తాయి. వాటి వెనుక, పోటు అరుదుగా అందే చోట, ఇలకూర వంటి ఉప్పు మొక్కలు పాకుతాయి. పైన పెరిగేది గడ్డయినా చెట్టయినా కింద నీళ్ల నడక ఒక్కటే. సముద్రం రోజుకు రెండుసార్లు ఆ నేల మీదికి ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఆ రాకపోకలు తొలిచినవే పాయలు. పైనుంచి చూస్తే రావి ఆకు ఈనెల్లా ఉంటాయి: మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర వెడల్పాటి పాయ, దాని నుంచి పిల్లపాయలు, వాటి నుంచి ఇంకా సన్నవి, చివరకు గడ్డి వేళ్లలోనో మడ వేళ్లలోనో కలిసిపోయేవి.

ఇక వేళ సంగతి. ఒక నిండు పోటుకూ తర్వాతి నిండు పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. చంద్రుడు రోజూ కొంత ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు కాబట్టి, ఈరోజు తొమ్మిదింటికి నిండిన పోటు రేపు దాదాపు తొమ్మిది యాభైకి నిండుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేస్తుంది కనుక పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ తగ్గుతాయి. ఈ ప్రభావం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది కాబట్టి అసలైన పెద్ద పోట్లు విదియ, తదియల వైపు జరుగుతాయి. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథి చూడగలిగినవారికి సగం లెక్క వచ్చేసినట్టే. ఒక రేవులో పౌర్ణమినాడు పోటు ఎన్నింటికి నిండుతుందో ఒకసారి గుర్తుపెట్టుకుంటే, ప్రతి పౌర్ణమికీ, ప్రతి అమావాస్యకూ దాదాపు అదే వేళ. అక్కడి నుంచి తిథికి సుమారు యాభై నిమిషాలు కలుపుకుంటూ పోవడమే. పుష్య మాసంలో వచ్చే చొల్లంగి అమావాస్యకు కాకినాడ పక్కన సముద్ర స్నానానికి జనం కదిలేది కూడా ఇలాంటి పెద్ద పోట్ల రోజుల్లోనే.

ఇది ఉజ్జాయింపు మాత్రమే. నీళ్ల మీదికి వెళ్లేటప్పుడు పోటు పట్టిక చూడాల్సిందే. భారత సర్వేక్షణ సంస్థ ఏటా రేవుల వారీగా ఈ పట్టికలు ప్రచురిస్తుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) అలలు, గాలులు, సముద్ర స్థితి గురించిన సమాచారం అందిస్తోంది. అమెరికాలో ఆ పని అక్కడి ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా చేస్తుంది.

పట్టికలో నిండు పోటు, పూర్తి ఆటు వేళలూ ఎత్తులూ ఉంటాయి. మధ్యలో నీళ్లు సమానంగా ఎక్కవు. నావికులు పాటించే పాత లెక్క ఒకటి ఉంది: మొత్తం ఎత్తును పన్నెండు భాగాలు చేస్తే, ఆరు గంటల్లో వరుసగా ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి భాగాల చొప్పున నీరు ఎక్కుతుంది లేదా దిగుతుంది. తేడా 1.2 మీటర్లు అనుకుంటే మొదటి గంటలో 10 సెంటీమీటర్లు, రెండో గంటలో 20, మూడు, నాలుగు గంటల్లో 30 చొప్పున, ఐదో గంటలో 20, చివరి గంటలో 10. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం పని జరిగిపోతుంది. కాకినాడ వైపు పెద్ద పోటు రోజుల్లో తేడా ఒకటి నుంచి ఒకటిన్నర మీటరు వరకు ఉంటుంది. జార్జియా తీరంలో అది రెండు మీటర్ల పైమాటే. వినడానికి ఒకటిన్నర మీటరు పెద్ద లెక్క అనిపించదు. అయితే చిత్తడి నేల దాదాపు బల్లపరుపు. అక్కడ ఒక మీటరు నీరు దిగితే ఎన్నో పాయలు ఎండిపోతాయి.

పాయల్లోకి వెళ్లేసరికి ఈ చక్కని లెక్క రెండు చోట్ల తప్పుతుంది. ఈ రెండూ తెలియకపోవడం వల్లే కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడతారు.

మొదటిది ఆలస్యం. పట్టికలోని వేళ రేవుది. పాయల మెలికల్లో నీళ్లు ఒరుసుకుంటూ లోపలికి చేరడానికి సమయం పడుతుంది. మొగ దగ్గర పోటు నిండిపోయాక కూడా లోపల ఇంకా ఎక్కుతూ ఉండవచ్చు. ప్రవాహం ఆగే వేళ కూడా నిండు పోటు వేళతో సరిగ్గా కలవాలని లేదు. లోపల ఎంత ఆలస్యమో ఆ పాయల్లో వల వేసేవారు నోటిలెక్కగా చెబుతారు. ఏ యాప్ కన్నా ఆ మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

రెండోది వేగం. పన్నెండు భాగాల లెక్క ప్రకారం నడిమి గంటల్లో ప్రవాహం గట్టిగా ఉండాలి. పాయలో జరిగేది వేరు. నీరు గట్టు అంచుకు చేరేదాకా నిండాల్సింది పాయ ఒక్కటే. గట్టు దాటిన క్షణం నుంచి చుట్టూ ఉన్న గడ్డినేల లేదా మడ అడవి అంతా ఆ పాయ గుండానే నిండాలి. దాంతో పోటు దాదాపు చివరికొచ్చాక, ఇక నెమ్మదిస్తుందనుకున్న సమయంలో ప్రవాహం ఒక్కసారి ఊపందుకుంటుంది. తిరుగు ప్రయాణంలోనూ అంతే. నేల మీద పరుచుకున్న నీళ్లు వేళ్ల నడుమ నుంచి కారుతూ వచ్చి పాయలో పడేసరికి ఆటు బలంగా లాగుతుంది. చాలా మడ పాయల్లో వచ్చే ప్రవాహం కన్నా పోయే ప్రవాహమే గట్టిది. ఆ పాయలు పూడిపోకుండా లోతుగా నిలవడానికి కారణం కూడా అదే. తన దారిని తానే కడుక్కునే నీరు అది. మడ నరికి, గట్లు కట్టి రొయ్యల చెరువులు తవ్విన చోట ఆ నీటి పరిమాణం తగ్గిపోతుంది, పాయ మెల్లగా బురదతో మేట వేస్తుంది. అడవిని కాపాడమంటే పక్షుల కోసం, తుపాను అడ్డుకట్ట కోసం అని మాత్రమే అనుకుంటాం. పడవ దారి బతకడం కూడా ఆ అడవి మీదే ఆధారపడి ఉందని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇది. కయాక్ బురదలో దిగబడితే ఎంతసేపు ఆగాలి? నీరు ఎక్కుతున్నప్పుడు దిగబడితే కొన్ని నిమిషాలు. తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నీరే లేపుతుంది. నీరు దిగుతున్నప్పుడైతే కథ మారిపోతుంది. పూర్తి ఆటుకు గంట ముందు దిగబడితే సుమారు రెండు గంటలు చాలు. అదే నిండు పోటు దాటిన గంటకు దిగబడితే? మళ్లీ అదే మట్టం రావాలంటే తర్వాతి పోటుకు గంట ముందు దాకా ఆగాలి, అంటే పది గంటలకు పైనే. ఉదయం పదకొండింటికి దిగబడినవారు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎండలో, తర్వాత చీకట్లో, దోమల మధ్య కూర్చోవాలి. పైగా రోజులోని రెండు పోట్లూ సమానంగా ఉండవు. తర్వాతి పోటు కాస్త తక్కువదైతే కయాక్ అప్పుడు కూడా తేలకపోవచ్చు. పెద్ద పోటు రోజుల శిఖరాన, గడ్డి మీద నుంచి అడ్డదారిన వెళ్లి అక్కడే చిక్కుకుంటే ఆ మట్టం మళ్లీ రావడానికి రోజులు పట్టవచ్చు.

అందుకే తెలియని సన్నపాయల్లోకి నీరు ఎక్కుతున్నప్పుడే వెళ్లాలి, నిండకముందే మళ్లాలి. దిగుతున్న నీటిలో తెలిసిన పెద్దపాయ వదలకూడదు. దిగబడితే కయాక్ దిగి నడవాలన్న ఆలోచనే రానివ్వకూడదు. ఆ ఒండ్రు మోకాలి దాకా, ఒక్కోచోట తొడల దాకా మింగుతుంది. లాగిన కొద్దీ కాలు బిగుసుకుంటుంది. జార్జియా పాయల్లో బురద కింద ఆల్చిప్పల దిబ్బలు ఉంటాయి, అవి చర్మాన్నీ కయాక్ అడుగునూ కోసేస్తాయి. కయాక్‌లో కూర్చున్నంతసేపు మీరు క్షేమం. తాగునీరు, టోపీ, తలదీపం, కవరులో పెట్టిన ఫోను దగ్గరుంటే ఆ నిరీక్షణ విసుగుతో పోతుంది.

ఇక దారుల రకాల్లోకి వస్తే, చాలామంది ఎంచుకునేది వెళ్లిన దారినే తిరిగివచ్చే పద్ధతి. పోటుతో పాటు లోపలికి, ఆటుతో పాటు బయటికి. రెండు వైపులా ప్రవాహం మనతోనే ఉంటుంది. దీన్ని పాటించకపోతే ఏమవుతుందో అంకెల్లో చూడండి. మామూలుగా గంటకు 5 కిలోమీటర్లు నడిపేవారికి 6 కిలోమీటర్ల దారి నిలువ నీటిలో 72 నిమిషాలు. గంటకు 2 కిలోమీటర్ల ప్రవాహం తోడైతే 51 నిమిషాలు. అదే ప్రవాహం ఎదురైతే రెండు గంటలు. ప్రవాహం 4 కిలోమీటర్లకు పెరిగితే ఆరు గంటలు, అంటే వెళ్లలేమనే అర్థం. చెరువులో ఎంత కష్టపడితే అంత దూరం. ఇక్కడ వేళ తప్పితే కండబలం ఏమీ చేయలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రెండు మొగల దారి. ఒక దీవి వెనుక పాయ రెండు చివరలా సముద్రానికి తెరుచుకుని ఉంటే, పోటు రెండు వైపుల నుంచీ లోపలికి వస్తుంది. నడుమ ఎక్కడో రెండు పోట్లూ ఎదురెదురుగా కలుస్తాయి. అక్కడ నీళ్లు దాదాపు కదలవు. కదలని నీళ్లు మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే వదిలేస్తాయి కాబట్టి ఆ కలిసే చోటే పాయ మొత్తంలో లోతు తక్కువ. జార్జియా దీవుల వెనుక పాయల్లో ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి. ఆ తీరంలోని సపెలో దీవిలో జార్జియా విశ్వవిద్యాలయం 1953 నుంచి చిత్తడి నేలల మీద పరిశోధన చేస్తోంది. గోదావరి డెల్టాలోనూ ఈ అమరిక ఉంది: గౌతమికీ అఖాతానికీ మధ్య ఉన్న పాయలకు రెండు వైపుల నుంచీ పోటు తగులుతుంది. ఇలాంటి పాయలో ఒక మొగ దగ్గర పోటుతో లోపలికి వెళ్లి, నీరు నిండే వేళకు ఆ మేట మీదుగా దాటి, మొదలైన ఆటుతో రెండో మొగ వైపు జారుకోవచ్చు. దారి పొడవునా నీరే తోస్తుంది. గంట ఆలస్యమైతే మాత్రం మేట మీద నీళ్లుండవు, రెండు వైపులా ప్రవాహం మననుంచి దూరంగా పారిపోతూ ఉంటుంది. కనుక ఈ దారికి లెక్కను మేట నుంచి వెనక్కి వేయాలి. మేట దగ్గర నిండే వేళ ఎంత, అక్కడికి చేరడానికి ఎంత పడుతుంది, దాన్నిబట్టి రేవు నుంచి ఎన్నింటికి కదలాలి. వేళకు అరగంట ముందే చేరి ఆగడం మంచిది.

పటం విషయంలో ఒక హెచ్చరిక. ఫోనులో కనిపించే ఉపగ్రహ చిత్రం ఏ తిథినాడు, ఏ వేళకు తీసిందో మనకు తెలియదు. పెద్ద పోటు నిండినప్పుడు తీసిన చిత్రంలో ప్రతి సన్నచారా నీళ్ల దారిలాగే కనిపిస్తుంది. వేర్వేరు తేదీల చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని, ఆటు చిత్రంలో కూడా నీరు కనిపించే పాయలనే నమ్మండి. మలుపుల్లో బయటి వంపు వైపు లోతు, లోపలి వంపు వైపు బురద మేట ఉంటుందని గుర్తుంచుకోండి. చెరువులో అలవాటైనట్టు మలుపును దగ్గరగా కోసుకుంటూ పోతే నేరుగా మేట మీదికే ఎక్కుతారు. కయాక్ పొడవు నాలుగైదు మీటర్లు. పాయ వెడల్పు అంతకన్నా తగ్గిందంటే తిప్పుకోవడం కుదరదు, వెనక్కి తెడ్డు వేసుకుంటూ రావాలి. వెనక్కి నడపడం లక్నవరంలోనే చేయి తిరిగేదాకా సాధన చేయవలసిన విద్య. బోల్తాపడిన కయాక్‌లోకి నీళ్లలో నుంచే ఎక్కడం కూడా. పాయలో కాళ్లు ఊనడానికి గట్టి నేల దొరకదు.

వేళ ఎంతయిందో పాయ తానే చెబుతుంది, చూడటం వస్తే. మడ చెట్ల కాండాల మీద తడి గీత ఉంటుంది. నీటి అంచుకు పైన తళతళలాడే తడి బెత్తెడు కనిపిస్తే నీరు దిగుతున్నట్టు. అంచు దాకా కాండం పొడిగా ఉండి, దాన్ని నీరు తాకుతుంటే ఎక్కుతున్నట్టు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చే మడ శ్వాస వేర్లను ఒకచోట ఆగి రెండు నిమిషాలు గమనించండి: కొనలు ఒక్కొక్కటిగా మునుగుతున్నాయా, బయటపడుతున్నాయా? గట్టుకు కట్టిన వల పడవ ముక్కు ప్రవాహానికి ఎదురుగా తిరిగి ఉంటుంది. పాయ నడుమ కొంగ నిలబడి ఉంటే అక్కడ కయాక్‌కు చాలినంత లోతు ఉండదు. బురద మీద రెక్కలతో పాకే చిన్నచేపలు, ఒక చెయ్యి పెద్దదిగా ఉండే పీతలు గుంపులుగా బయటికి వచ్చాయంటే ఆ గట్టు నీటినుంచి తేలి కొంతసేపయిందన్నమాట.

పోటు పట్టిక చెప్పనివి రెండున్నాయి: వరద, గాలి. పట్టిక సూర్యచంద్రుల లెక్క మాత్రమే. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి పొంగినప్పుడు మంచినీరు పోటును వెనక్కి నెడుతుంది, ఆటు ఎక్కువసేపు సాగుతుంది, మొద్దులు కొట్టుకొస్తాయి. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే ఆ వారం ప్రయాణం మానుకోవాలి. కాళేశ్వరం దగ్గర కనిపించిన వరదే రోజుల తేడాతో అక్కడికి చేరుతుంది. 2022 జూలైలో భద్రాచలం మట్టం 71 అడుగులు దాటింది. తీరంలో మధ్యాహ్నం వేళ సముద్రం మీది నుంచి వీచే గాలి, బయటికి పోతున్న ఆటుకు ఎదురైతే మొగ దగ్గర పొట్టి, నిటారు కెరటాలు లేస్తాయి. ఉదయం నిండే పోటు ఉన్న రోజు ఎంచుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. వాయుగుండం రోజుల్లో గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సముద్ర మట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అలాంటి రోజున పట్టికలోని ఎత్తులతో పనిలేదు, ఇంట్లో ఉండటమే పని.

కోరింగ వన్యప్రాణి అభయారణ్యం. బావురు పిల్లులు, నీటికుక్కలు ఉండే చోటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లరాదు. ఎక్కడ తిరగవచ్చో, ఏ పాయలు మూసి ఉంటాయో వాళ్లనే అడగాలి. సొంత కయాక్‌కు అనుమతి దొరకకపోతే శాఖవారి పడవలో ఒకసారి వెళ్లి, పోటులో ఒకసారి, ఆటులో ఒకసారి అదే పాయను చూసి రావడం కూడా మంచి పాఠమే. హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే శీతాకాలం చివరి నెలల్లో అక్కడ దిగే ఆలోచన పెట్టుకోవద్దు.

చివరగా, దిగే రేవును పూర్తి ఆటు వేళకు ఒకసారి వెళ్లి కళ్లతో చూసుకోండి. పోటులో మెట్లను తాకే నీరు ఆటులో ఎంతో దూరం బురద వదిలి వెనక్కి పోతుంది. గట్టి ఇసుకో, రాతి మెట్లో నీటి దాకా దిగిన రేవు దొరికితే అదే ఎంచుకోండి, అది కాస్త దూరమైనా సరే. దొరకకపోతే తిరిగివచ్చే వేళను నిండు పోటు తర్వాత రెండు గంటలలోపు పెట్టుకుని, ఆ గడువును ఒడ్డున ఉన్న ఒకరికి చెప్పి బయలుదేరండి.